కచేరీ విని రాయాలంటే

కర్ణాటక సంగీత కచేరీకి పది నిమిషాలు ముందే వెళ్లండి. శ్రుతి చేసుకోవడం కూడా వినాల్సిందే. మృదంగం ఎడమవైపు తడి రవ్వ అద్ది, కుడివైపు అంచు మీద రాయితో తట్టి సరిచేస్తుంటే నా చెవి కుదురుకుంటుంది.

రాగం పేరు తెలియకపోతే టెన్షన్ పడకండి. తాళం పట్టుకోండి. ఆదితాళమైతే దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. తొడ మీద చప్పుడు కాకుండా వేయండి, పక్కవాళ్లూ వింటున్నారు.

నోట్‌బుక్‌లో 'అద్భుతం' అని రాయొద్దు. జరిగింది రాయండి. మొన్న నేను రాసుకున్నది: 'కల్యాణి రాగం ఆలాపన. పై షడ్జం (స) మీద గొంతు నిలిచింది. వయొలిన్ వెంటనే అందుకోలేదు. ఊపిరి పీల్చినంతసేపు ఆగి, కింది నిషాదం (ని) నుంచి మెల్లగా ఎక్కింది.' ఇది చదివితే ఆ సాయంత్రం మళ్లీ వినిపిస్తుంది.

తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలవగానే చాలామంది కాఫీకి లేస్తారు. ప్రాణం ఉసూరుమంటుంది. అప్పటిదాకా పాటను మోసిన చేతులవి! మృదంగం, ఘటం వంతులు పోనుపోను చిన్నవవుతూ, చివరికి రెండూ కలిసి ముక్తాయింపు మూడుసార్లు వాయించి సరిగ్గా పాట ఎత్తుగడ దగ్గర వాలతాయి. ఆ క్షణంలో గాయకుల ముఖం చూడండి, అదీ రాయండి.

మంగళం అయ్యేదాకా కూర్చోండి. ఆ రాత్రే రాసేయండి, తెల్లారితే సగం జారిపోతుంది.