సాదా ప్రీనియాను గట్టు మీదే పోల్చుకోవడం

మా గుణుపురంలో వంశధార ఒడ్డున పిట్టలు చూడ్డానికి వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది ఒకటే: రంగు సంగతి ఒగ్గేయండి, కంటి పైన చూడండి. రెల్లు దుబ్బుల్లో తిరిగే ఈ గోధుమరంగు జిట్టకి చారల్లేవు, మచ్చల్లేవు. ముక్కు మొదలు నుంచి కన్ను దాటి వెనక్కి పోయే లేత కనుబొమ మాత్రం ఉంది. అది ఉంటే చాలావరకు సాదా ప్రీనియానే. వానాకాలంలో బూడిదరంగు తలతో, ఎర్రటి కన్నుతో, కనుబొమ లేకుండా కనిపించేది బూడిద ప్రీనియా. అది ఎగిరితే చట్ చట్‌మని చప్పుడొస్తుంది. వీపు ఆకుపచ్చగా, నుదురు ఇటుకరంగులో ఉంటే కుట్టుపిట్ట. దాంతో మనకిప్పుడు పనిలేదు.

తోక చూసి కంగారు పడకండి. చలికాలానికి ఈకలు మార్చుకుని సాదా ప్రీనియా కాస్త ఎరుపు తిరుగుతుంది, తోకా పొడుగవుతుంది. పిట్ట అదే.

వరి ఎదిగే రోజుల్లో మగది కాడ కొసకెక్కి, సైకిల్ ఫ్రీవీల్ తిరిగినట్టు ఆగకుండా కూస్తుంది. అప్పుడు కదలకుండా నిలబడండి, ఫోన్‌లో రికార్డు చెయ్యండి. గడ్డిపోచలతో అల్లిన సంచిలాంటి గూడు అక్కడే ఉండొచ్చు; దుబ్బుల్ని చేత్తో విడదీయొద్దు.

ఇక పేరు. పాత పుస్తకాల్లో దీన్ని రెన్-వార్బ్లర్ అన్నారు. అసలు రెన్‌లు వేరే కుటుంబం, దాదాపు అన్నీ అమెరికా ఖండాలవే. మన దేశంలో ఉన్న ఒక్కటీ హిమాలయాల్లోనే. 1832లో సైక్స్ అనే బ్రిటిష్ సైనికాధికారి ప్రీనియా ఇనార్నేటా అని పేరు పెట్టిన మన పిట్ట ఇప్పుడు సిస్టికోలిడే కుటుంబంలో ఉంది. కొంతకాలం దీన్ని ఆఫ్రికాలో ఉండే ప్రీనియా సబ్‌ఫ్లావాతో ఒకే జాతిగా కలిపేశారు కూడా. మన ప్రాంతపు పాత జాబితాలో సబ్‌ఫ్లావా అని కనిపిస్తే ఇనార్నేటా అనే చదువుకోండి.

ఇలాంటి సాదా పిట్టలకే పేచీ ఎక్కువ. మధ్య అమెరికాలో ప్లెయిన్ రెన్, అంటే సాదా రెన్, అని ఒకటుండేది. జన్యువులు, పాటలు పోల్చి చూశాక 2016లో దాన్ని మూడు జాతులుగా విడగొట్టారు. ఊరూ తేదీ రాసుకున్నవాళ్లకి తమది ఏదో తేలిపోయింది. అందుకే ఫోన్‌లో కూత ఆపకముందే మీ గొంతుతో ఊరు, తేదీ, గట్టా రెల్లా చెప్పి, ఆ తర్వాత ఆపండి.