చెరువు పక్కన టెంట్ వేస్తున్నారా? నిప్పులు లోపలికి తేకండి

చలి మొదలైందంటే ఈ వార్త ఎక్కడో ఒకచోట కనబడుతూనే ఉంటుంది, మొన్న మళ్లీ చూశాను: చలికి ఆగలేక టెంట్‌లో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేవలేదు. టార్చ్, దుప్పట్లు, మంచినీళ్లు పట్టుకెళ్లమని నేను చెప్పక్కర్లేదు. ఈ ఒక్కటి మాత్రం చెప్పాలి.

తెల్లవారుజామున నీటి పక్కన చలి ఎముకలు కొరికేస్తుంది, ఎందుకంటే చల్లగాలి బరువుగా పల్లంలోకి దిగి అక్కడే నిలుస్తుంది. సరిగ్గా ఆ వేళకే చలిమంట తగ్గి ఎర్రటి బొగ్గులు మిగులుతాయి. మంట లేదు, పొగ లేదు, టెంట్ అంటుకోదు, ఇంకేం భయం అనుకుని లోపలికి తెస్తారు. భయపడాల్సింది ఆ పొగలేని నిప్పుకే. బొగ్గు పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టేస్తుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మెలకువగా ఉన్నవాళ్లకు తెలుస్తాయి, నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు.

జిప్ కాస్త తీసే ఉంచాం కదా అంటారు. అది చాలదు. ఐదు నిమిషాలు కాచుకుని బయట పెట్టేస్తాం అంటారు, ఆ ఐదు నిమిషాల్లోనే కునుకు పడుతుంది. గ్యాస్ స్టవ్ అయినా ఇంతే. నిప్పులు లోపలికి తేకండి. చలేస్తే ఒంటి కింద మందంగా పరుచుకోండి, పైన ఎన్ని కప్పుకున్నా కింద పల్చగా ఉంటే నేల వేడినంతా లాగేస్తుంది. గట్టి సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి.

ఒకే టెంట్‌లో ఇద్దరికి తలనొప్పి వచ్చిందంటే ముందు అందరూ బయటికి రండి, తర్వాత ఆస్పత్రికి వెళ్లండి. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ 98 శాతం చూపించినా నమ్మకండి, ఈ విషం ఎక్కిన రక్తాన్ని అది గుర్తుపట్టలేదు.

ఇక పొద్దున్నే నడక. వెలుతురు వచ్చాకే బయల్దేరండి. బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లు దూరి ఉంటాయి. నీళ్లు వెనక్కి తగ్గిన చోట పైన ఎండిన పెచ్చు కనబడుతుంది, కింద మోకాలి లోతు బురద ఉండొచ్చు, అడుగు వేయకండి. పాచి పట్టిన రాళ్లు ఎక్కకండి. చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీల్చి నీళ్లు మింగుతారు, దూకకండి. మంట మీద మట్టి కప్పి వెళ్లకండి, నివురుగప్పిన నిప్పు మీద పిల్లలు కాలు వేస్తారు. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చల్లారిందని చెయ్యి దగ్గర పెట్టి చూసుకునే కదలండి. టెంట్ నీటికి 60 మీటర్ల దూరంలో వేయండి. చెరువు నీళ్లలో సబ్బు కలపకండి. చెత్తంతా మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి. తాగి నీళ్ల దగ్గరికి వెళ్లకండి. రాత్రి పడుకునే ముందు టెంట్లన్నీ ఒకసారి తిరిగి చూడండి, ఎవరైనా కుంపటి లోపల పెట్టుకుంటే, వాళ్లు తిట్టుకున్నా సరే, తీసి బయట పెట్టండి.