దేవకాంచనం విత్తనం నుంచి పెంచాలంటే

ఇది హిమాలయాల దిగువ కొండల్లో సహజంగా పెరిగే చెట్టు, చిక్కుడు కుటుంబానిదే. మన పార్కుల్లోనూ ఉంటుంది. ఆకు ఒంటె గిట్టలా రెండుగా చీలి ఉంటుంది. ముందు చెట్టు అదేనో కాదో చూసుకోండి: దీని పువ్వులో పుప్పొడి ఇచ్చే కేసరాలు 5, శీతాకాలం మొదట్లో పూసే ఊదా కాంచనంలో సాధారణంగా 3. దేవకాంచనం ఆకు రాల్చి ఫిబ్రవరి, మార్చిల్లో పూస్తుంది.

కాయలు వేసవిలో ముదురుతాయి. పూర్తిగా ఎండేదాకా చెట్టునే వదిలితే టప్‌మని పగిలి, తొక్కలు మెలితిరిగి, గింజలు దూరంగా ఎగిరిపోతాయి. రంగు గోధుమకు తిరగగానే కోసి, మూతి కట్టిన గుడ్డ సంచిలో నీడన ఆరబెట్టండి. సంచి లోపలే పగులుతాయి.

పుచ్చులు ఏరేసి గింజల్ని రాత్రంతా మామూలు నీళ్లలో నానబెడితే చాలు. తాజా గింజకి మరిగే నీళ్లు అక్కర్లేదు, ఉడికిపోతుంది. సెంటీమీటరు లోతున, లోతైన కవర్లో ఒక్కోటి నాటండి. తల్లివేరు నిటారుగా దిగుతుంది కాబట్టి పొట్టి కుండీలో వేస్తే వేరు చుట్టుకుపోయి, తర్వాత నేలలో పెట్టినా మొక్క సాగదు. రెండు వారాల్లో మొలకలు వస్తాయి. ఎక్కువ చచ్చేది ఎండకి కాదు, నీళ్లు నిలిచి మొదలు కుళ్లి. కవరుకి అడుగున చిల్లులు తప్పనిసరి.

కత్తిరింపు పూలు అయిపోగానే చేయాలి. మొగ్గలు కిందటేడు కొమ్మల మీదే వస్తాయి, డిసెంబర్లో కొడితే ఆ ఏటి పూత పోయినట్టే.