నదిలోకి దిగకుండా నది వెడల్పు కొలవడం ఎలా

మా పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఒడ్డున నిలబడి అవతలి గట్టు ఎంత దూరం రా అంటే ఒకడు యాభై అంటాడు ఇంకొకడు వంద అంటాడు, దిగి కొలిచినోడు మాత్రం ఒక్కడూ లేడు. దిగక్కర్లేదు కూడా. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు దగ్గర మొదలెట్టిన సర్వేలో వాడిన కిటుకు చాలు, ఒక్క గీతని ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొలవాలి, మిగతా దూరాలన్నీ కోణాల్లోంచి లాగాలి. (టిప్పు సుల్తాన్ పోయాక ఈస్టిండియా కంపెనీకి బోలెడంత నేల వచ్చిపడింది, దానికి కొలతలు కావాలి కదా. మన ఊరు కూడా 1936లో ఒడిశాలో కలిసేదాకా మద్రాసు ప్రెసిడెన్సీయే.)

30 మీటర్ల టేపు, నాలుగు కర్రలు, పురికొస, చదరంగా కోసిన అట్టముక్క, తోడుకి ఒక మనిషి. అంతే.

అవతల నీళ్ళ అంచునే ఉన్న తాటిచెట్టు ఒకటి చూసుకోండి, దానికి ఎదురుగా ఇవతల నీళ్ళ అంచున ఒక కర్ర పాతండి. ఇప్పుడు మూలమట్టం కావాలి, మేస్త్రీలు పునాదికి చేసేదే, పురికొసని 3, 4, 5 మీటర్ల త్రికోణంగా లాగితే 3, 4 కలిసే మూల 90 డిగ్రీలు. ఆ మూల కర్ర దగ్గర పెట్టి 4 వైపుని వెనక్కి గట్టు మీదకి, చెట్టూ కర్రా దాని కొసా ఒకే వరసలో ఉండేలా లాగితే 3 వైపు ఒడ్డు వెంబడి వెళ్తుంది, ఆ వరసలోనే మిగతా కర్రలు పాతుకుంటూ పోవాలి.

అట్టని మూల నుంచి మూలకి మడవండి, 45 డిగ్రీలు వచ్చేసినట్టే. ఆ వరస మీద నడుస్తూ అట్ట అంచు మొదటి కర్రకేసి ఉంచి మడత వెంబడి చూడండి, మడత సూటిగా చెట్టుకి తగిలేదాకా నడవాలి. తగిలిన చోట ఆగండి, అక్కణ్ణుంచి మొదటి కర్రకి ఎంతో, ఆ కర్ర నుంచి చెట్టుకీ అంతే. పొద్దున్నే చేయండి, మిట్టమధ్యాహ్నం ఇసక మీద గాలి వణికి చెట్టు కూడా వణుకుతుంది, లాంబ్టన్ తర్వాత ఆ సర్వే నడిపిన ఎవరెస్టు దొర అందుకే రాత్రిపూట దీపాలు పెట్టించి కోణాలు చూశాడు.

అసలు కష్టమంతా ఆ ఒక్క గీత దగ్గరే. నేను మొదట టేపు లేక నైలాన్ తాడు వాడాను, లాగే కొద్దీ సాగింది, లెక్క పోయింది. లాంబ్టన్ గొలుసు 100 అడుగుల ఉక్కుది, దాన్ని చెక్క తొట్లలో పరిచి పైన డేరా వేసి పక్కన థర్మామీటర్లు పెట్టుకుని కొలిచాడు. చాదస్తం అనిపిస్తుంది గానీ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ గొలుసు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది, ఆయన కొలిచిన గీత దాదాపు 12 కిలోమీటర్లు, అంటే మొత్తమ్మీద మీటరు పైనే తేడా!

ఒకసారితో వదిలేయకండి. మొదటి కర్రకి రెండో పక్కకి కూడా నడిచి అదే చేయండి, మూలమట్టం కాస్త వంకరపోతే ఒక పక్క ఎక్కువ ఇంకో పక్క తక్కువ వస్తుంది, రెండూ కలిపి సగం చేస్తే దాదాపు సరిపోతుంది. మాకు మాత్రం ఏకంగా తొమ్మిది మీటర్ల తేడా వచ్చింది, మూడుసార్లు లెక్క చూసుకున్నాక తెలిసింది, మా తమ్ముడు రెండోపక్క చూసింది ఆ తాటిచెట్టు కాదు, దాని పక్కది.