గాలి కొట్టించినా ఆరని టైర్ ప్రెషర్ లైటు

డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో ఒక పసుపు లైటు వెలుగుతుంది కదా, టైర్లో గాలి తగ్గిందని చెప్పేది అదే. గాలి కొట్టిస్తే ఆరిపోవాలి. మీకు అలా ఆరిపోతే ఇది చదవాల్సిన పని లేదు. గాలి కొట్టించినా ఆరకపోవడం, ఆరినట్టే ఆరి రెండు రోజులకి మళ్లీ రావడం, పొద్దున వెలిగి మధ్యాహ్నానికి దానంతటదే పోవడం, ఇలాంటి తలనొప్పి ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది చేసేది కూడా అదే. లైటు వెలిగింది, దిగి నాలుగు టైర్లూ చూశాను, కాలితో ఒక తన్ను తన్ని చూశాను, అన్నీ బాగానే ఉన్నట్టు అనిపించాయి. స్టీరింగ్ కింద రీసెట్ బటన్ ఉందని తెలుసు కాబట్టి కాసేపు నొక్కి పట్టుకున్నాను, లైటు పోయింది. పది రోజులకి మళ్లీ వచ్చింది, మళ్లీ నొక్కాను. ఇలా నాలుగోసారి అయ్యాక ఎందుకో అనుమానం వచ్చి గాలి కొలిచే గేజ్ పెట్టి చూస్తే వెనక ఎడమ టైర్లో 33 పీఎస్ఐ (గాలి ప్రెషర్‌ని కొలిచే లెక్క) ఉండాల్సింది 21 ఉంది. ట్రెడ్ (రోడ్డుకి ఆనే భాగం) గాడిలో బురద కింద చిన్న మేకు, తల అరిగిపోయి రబ్బరులో కలిసిపోయినట్టు ఉంది. అంటే నేను బటన్ నొక్కిన ప్రతిసారీ "ఇప్పుడున్న గాలే కరెక్టు, దీనికంటే తగ్గితే చెప్పు" అని బండికి నేర్పిస్తూ వచ్చానన్నమాట. అది పాపం నేను చెప్పినట్టే నేర్చుకుంది.

అందుకని రీసెట్ సంగతి చివర్లో చూద్దాం. అంతవరకు ఆ బటన్ జోలికి వెళ్లకండి. ఇంకో మాట, ఈ కాలం టైర్లు 21 పీఎస్ఐ ఉన్నా చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. కంటితో చూసి, కాలితో తన్ని గాలి సంగతి చెప్పడం అయ్యే పని కాదు.

బండి స్టార్ట్ చేయగానే లైటు ఎలా వెలుగుతోందో చూడండి

ఇది చాలామంది గమనించరు. స్టార్ట్ చేసిన వెంటనే లైటు ఒక నిమిషం, నిమిషంన్నర పాటు టప టపా మిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలుగుతుంటే అది గాలి తగ్గిన లైటు కాదు, గాలిని కొలిచే సిస్టమే పాడైందని చెప్పే లైటు. అప్పుడు ఎంత గాలి కొట్టించినా ఆరదు. మిణుకుమనకుండా మొదటి నుంచీ నిలకడగా ఉంటే గాలి విషయమే. స్క్రీన్ ఉన్న బండ్లలో "సిస్టమ్ చెక్ చేయించండి" అనే అర్థం వచ్చే మెసేజ్ వేరేగా వస్తుంది కాబట్టి అంత తికమక ఉండదు. మీది ఏదో తేల్చుకున్నాకే డబ్బు ఖర్చుపెట్టండి, ఎందుకంటే ఈ రెండింటికీ చేయాల్సిన పనులు పూర్తిగా వేరు.

నిలకడగా వెలిగే లైటు

సొంతంగా ఒక గేజ్ కొనుక్కోండి. గాలి మిషన్ల దగ్గర ఉండే గేజ్‌లు రోజంతా కింద పడుతూ, ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉంటాయి, రెండు మూడు పీఎస్ఐ తేడా చూపించడం మామూలే. ఒకే గేజ్‌తో నాలుగు టైర్లూ చూస్తే కనీసం ఒకదానికీ ఇంకోదానికీ ఉన్న తేడా అయినా కచ్చితంగా తెలుస్తుంది.

కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు. అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లు మెల్లగా నడిచి ఉండాలి. డ్రైవర్ వైపు డోర్ తెరిస్తే ఆ ఫ్రేమ్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, ముందు టైర్లకి ఎంత, వెనక వాటికి ఎంత, ఫుల్ లోడ్‌తో ఎంత అని. కొన్ని బండ్లలో పెట్రోల్ మూత లోపలి వైపు ఉంటుంది. మనకి కావాల్సిన నంబర్ అదే. టైరు పక్క గోడ మీద అచ్చేసి ఉన్న నంబర్ ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ప్రెషర్, దాన్ని చూసి గాలి కొట్టించకండి. స్టిక్కర్ మీద బార్‌లలోనో కిలోపాస్కల్స్‌లోనో ఉంటే, ఒక బార్ అంటే 100 కిలోపాస్కల్స్, దాదాపు 14.5 పీఎస్ఐ. 2.3 బార్ అంటే 33 అన్నమాట.

ఇప్పుడు పొద్దున వెలిగి మధ్యాహ్నం పోయే లైటు సంగతి. దీన్ని చూసి సెన్సర్ పోయిందని అనుకునేవాళ్లు చాలామంది, కానీ అది తన పని తాను సరిగ్గానే చేస్తోంది. వాతావరణం 5, 6 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే టైర్లో దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. ఏ లీకూ లేని మంచి టైరు కూడా నెలకి సుమారు 1 పీఎస్ఐ రబ్బరు గుండా మెల్లగా వదిలేస్తుంది. ఎండల్లో సరిగ్గా పెట్టించి నాలుగు నెలలు పట్టించుకోకపోతే, చలి మొదలైన మొదటి వారంలో తెల్లవారుజామున బండి తీసేసరికి 7, 8 పీఎస్ఐ తక్కువ ఉండటంలో వింతేమీ లేదు. కాసేపు నడిచాక టైరు వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది, గీత దాటుతుంది, లైటు పోతుంది. పోయింది కదా అని వదిలేయకండి, గాలి తక్కువ ఉందన్నది నిజమే. చల్లగా ఉన్నప్పుడు స్టిక్కర్ నంబర్‌కి నింపితే ఈ ఆట ఆగిపోతుంది.

దీనికి ఉల్టా తప్పు ఇంకొకటి ఉంది. చాలాదూరం వెళ్లి ఆపి, వేడి టైర్లో 37 చూపిస్తోందని గాలి తీయించేస్తారు. తెల్లారేసరికి అది 29కి దిగుతుంది, లైటు వెలిగే గీతకి ఇంకా దగ్గరవుతుంది. వేడి టైర్లో గాలి ఎప్పుడూ తీయించకండి. వేడి మీదే నింపక తప్పకపోతే చెప్పిన దానికంటే 3, 4 ఎక్కువ పెట్టించి మర్నాడు పొద్దున సరిచేసుకోండి. నైట్రోజన్ నింపితే ఈ గొడవ ఉండదని ఎవరైనా చెప్తే, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, చలికి అదీ ఇలాగే తగ్గుతుంది.

ఈ లైటు ఆలస్యంగా వెలుగుతుందన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. అమెరికాలో 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి, అక్కడి నిబంధన ప్రకారం ఉండాల్సిన గాలిలో 25 శాతం తగ్గేసరికి వెలగాలి. యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ వచ్చింది, అక్కడ లెక్క 20 శాతం. 33 పీఎస్ఐ టైర్లో 25 శాతం అంటే దాదాపు 25కి పడిపోయేదాకా లైటు మాట్లాడకపోవచ్చు. అందుకే లైటు వెలగలేదు కాబట్టి గాలి సరిపడా ఉంది అనుకోకూడదు.

సరే, నాలుగూ సరిగ్గా నింపారు, లైటు ఇంకా ఉంది. కంగారు పడకండి. చాలా సెన్సర్లు బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఆదా చేయడానికి నిద్రపోతాయి, చక్రం తిరిగితేనే మేలుకుని సిగ్నల్ పంపుతాయి. పది, పదిహేను నిమిషాలు కాస్త వేగంగా నడిపి చూడండి. అప్పటికీ ఆరకపోతే స్టెప్నీ చూడండి! కొన్ని బండ్లలో ఫుల్ సైజు స్టెప్నీకి కూడా సెన్సర్ ఉంటుంది, దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు.

మళ్లీ మళ్లీ అదే టైరు తగ్గుతుంటే

నాలుగు టైర్ల నంబర్లూ ఫోన్‌లో రాసుకుని, మూడు రోజుల తర్వాత అదే టైమ్‌కి, అదే గేజ్‌తో మళ్లీ చూడండి. నాలుగూ ఒక్కలాగే తగ్గితే అది చలి. ఒక్క టైరే మూడో నాలుగో పీఎస్ఐ తగ్గితే దానికి సన్న లీకు ఉంది. సబ్బు నీళ్లు స్ప్రే బాటిల్లో పోసి ముందు వాల్వ్ మీద కొట్టండి, మూత తీసి లోపలి పిన్ను మీద, తర్వాత కాడ మొదట్లో. బుడగ వస్తే అక్కడే. పిన్ను లూజైతే బిగిస్తే పోతుంది. తర్వాత ట్రెడ్ అంతా, బండిని కొంచెం కొంచెం ముందుకి జరుపుతూ. చివరికి టైరు రిమ్ముని పట్టుకునే అంచు, రెండు వైపులా. పాత అల్లాయ్ వీల్స్ ఆ అంచు దగ్గర పొక్కిపోయి గాలి వదులుతుంటాయి, టైర్లో మేకు లేదు, వాల్వ్ బాగుంది, అయినా వారానికి 3 పీఎస్ఐ పోతోందంటే ఎక్కువసార్లు ఇదే. టైరు విప్పి రిమ్ము అంచు రుద్ది శుభ్రం చేసి మళ్లీ ఎక్కించాల్సిందే, అడ్డదారి లేదు.

మేకు కనిపిస్తే అక్కడికక్కడే పీకేయకండి, సన్న లీకు కాస్తా పెద్దదవుతుంది. నింపుకుని పంక్చర్ వేసే చోటికి వెళ్లండి. ట్రెడ్‌లో ఉంటే వేస్తారు, పక్క గోడలో దిగితే టైరు మార్చడమే. లోపల జిగురు ద్రవం పోసే రకం రిపేరు దారిలో చిక్కుకున్నప్పుడు తప్ప వద్దు, అది సెన్సర్ రంధ్రాన్ని మూసేయగలదు.

మిణుకుమనే లైటు

ఇక్కడ బండిలో ఏ రకం సిస్టమ్ ఉందో తెలియాలి. స్క్రీన్ మీద ఒక్కో టైరుకీ నంబర్ చూపిస్తే టైరు లోపల, వాల్వ్‌కి వెనక సెన్సర్ ఉన్నట్టు. నంబర్లు చూపించకపోతే రెండిట్లో ఏదైనా కావచ్చు. రెండో రకంలో టైరు లోపల ఏమీ ఉండదు, గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం ఉన్న వీల్ స్పీడ్ సెన్సర్లనే వాడుకుంటుంది. గాలి తగ్గిన చక్రం కొంచెం చిన్నదై మిగతావాటికంటే ఎక్కువసార్లు తిరుగుతుంది, ఆ తేడాని పట్టుకుంటుంది. ఒక్క టైరు మాత్రమే కొత్తది వేసినా, సైజు తేడా ఉన్నది వేసినా, చిన్న స్టెప్నీ మీద నడిపినా ఇది తికమకపడి లైటు వేస్తుంది. ఏబీఎస్ లైటు కూడా తోడుగా వెలిగితే వీల్ స్పీడ్ సెన్సర్ వైపు చూడమని మెకానిక్‌కి చెప్పండి.

లోపల సెన్సర్ ఉన్న రకంలో, మిణుకుమనడానికి ఎక్కువగా కారణం దాని బ్యాటరీ. మామూలుగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. సీల్ చేసి ఉంటుంది కాబట్టి బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు, సెన్సర్ మొత్తం మార్చాలి. చలి రోజుల్లో మాత్రమే మిణుకుమంటుంటే అది బ్యాటరీ ఆఖరి దశ. సెన్సర్ మార్పించే ముందు ఒక పని చేయండి, పైసా ఖర్చు లేదు: సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టిన చవక ఫోన్ ఛార్జర్, డ్యాష్ క్యామ్ పీకేసి రెండు రోజులు నడపండి. సెన్సర్లు మాట్లాడేది రేడియోలోనే, 315 లేదా 433 మెగాహెర్ట్జ్ మీద, ఆ పక్కన రొద చేసే ఛార్జర్ ఉంటే బండికి వినపడదు.

అదీ కాకపోతే సెన్సర్లని బయటి నుంచే చదివే చేతి పరికరం ఉన్న చోటికి వెళ్లండి. ఒక్కో చక్రం దగ్గర పెడితే ఏది పలుకుతోందో, ఏది చచ్చిందో నిమిషాల్లో తేలుతుంది. ఈ పరీక్ష చేయకుండా "నాలుగూ మార్చాలి" అంటే ఒప్పుకోకండి. బండికి ఏడెనిమిదేళ్లు దాటి, టైర్లు కూడా ఎలాగూ మారుస్తున్నారంటే మాత్రం నాలుగూ ఒకేసారి మార్చడం మంచిది, లేకపోతే ఒక్కొక్కటిగా చస్తుంటే ప్రతిసారీ టైరు విప్పిన కూలీ ఇవ్వాలి. కొత్తది బండి ఫ్రీక్వెన్సీకి సరిపోయేదేనా చూసుకోండి, పెట్టాక దాని నంబర్ బండికి పరిచయం చేయాలి. కొన్ని బండ్లు కాసేపు నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి, కొన్నిటికి పరికరం కావాలి. అది కూడా ఆ రేటులోనే చేసిస్తారా అని ముందే అడగండి.

టైరు విప్పించే ప్రతిసారీ "లోపల వాల్వ్ దగ్గర సెన్సర్ ఉంది" అని నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే టైరు అంచు ఊడదీసే మిషన్ దాన్ని విరిచేయగలదు. అల్యూమినియం కాడ ఉన్న వాల్వ్‌లకి అందంగా ఉన్నాయని లోహపు మూతలు పెట్టకండి, తుప్పుతో అతుక్కుపోయి తీయబోతే కాడే విరుగుతుంది. ప్లాస్టిక్ మూతే మంచిది.

లైటు వెలిగి ఉండగా నడపొచ్చా అంటే, మిణుకుమనే రకమైతే గేజ్‌తో చూసుకుంటూ నడపొచ్చు. నిలకడగా వెలిగి, బండి ఒక పక్కకి లాగుతున్నా, స్క్రీన్ మీద నంబర్ కళ్ల ముందే పడిపోతున్నా మెల్లగా వేగం తగ్గించి, గట్టిగా బ్రేక్ కొట్టకుండా పక్కకి ఆపేయండి. గాలి లేని టైరు పక్క గోడలు నలిగి, వేడెక్కి, లోపలి నుంచి చిరిగిపోతుంది, తర్వాత పంక్చర్ వేయడానికి కూడా పనికిరాదు.

ఇక రీసెట్. పొద్దున, టైర్లు చల్లగా, నాలుగూ స్టిక్కర్ మీద ఉన్న నంబర్‌కి సరిగ్గా నింపాక మాత్రమే. ఇగ్నిషన్ ఆన్ చేసి, బటన్ ఉంటే లైటు రెండు మూడుసార్లు మిణుకుమనేదాకా నొక్కి పట్టుకోండి, బటన్ లేకపోతే స్క్రీన్ మెనూలో వెహికల్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. టైర్లు ఒకదాని చోట ఇంకోటి మార్చినా, కొత్తవి వేసినా, ఏబీఎస్ రకం సిస్టమ్ అయితే ఇది చేసి తీరాలి. నొక్కగానే అయిపోదు, అరగంట, గంట మామూలుగా నడిపితే గానీ కొత్త లెక్క పూర్తిగా ఎక్కదు. ఆ నడక అయ్యాక కూడా లైటు వస్తే, గేజ్ తీసి మళ్లీ కొలవండి, బటన్ మాత్రం రెండోసారి నొక్కకండి.