పాత యెజ్డీ కొన్నారా? ముందు కిక్ మీద కాలు పెట్టకండి

తెనాలి, మంగళగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ గొడ్ల చావిట్లో ఓ మూల పాత జావా మోటారు సైకిలో, యెజ్డీనో దుమ్ము కొట్టుకుని కనబడుతుంది. దాన్ని కొని, మినీ లారీలో ఎక్కించి బెజవాడ తెచ్చుకుంటారు. తెచ్చిన గంటలోపే పాడు చేసుకుంటారు. ఏళ్ల తరబడి చావిట్లో చెడనిది ఆ గంటలో చెడుతుంది.

ముందు కాగితాలు. ఆర్‌సీ లేని బండి ఊరికే ఇచ్చినా వద్దు. ఛాసిస్ నంబరు మీద తుప్పు గీకి, ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. అమ్మకానికి ఫారం 29, 30. ఓనరు చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకి మార్చుకోవడానికి ఫారం 31. 15 ఏళ్లు దాటాక రెన్యువల్‌కి ఫారం 25. 50 ఏళ్లు దాటిన బండికి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది కానీ, దాంతో రోజూ రోడ్డెక్కడం కుదరదు. బండి తిప్పుకోవాలంటే మామూలు రెన్యువలే చేయించండి. 2024 బుడమేరు వరదలో మునిగిన బండి అయితే ఇంజిన్ మొత్తం విప్పే ఖర్చు తగ్గించి బేరమాడండి.

ఏ బండి కొనాలని అడిగితే నా మాట యెజ్డీయే. యమహా ఆర్‌ఎక్స్ 100కి ఇప్పుడు అడుగుతున్న రేట్లు బండికి కాదు, పేరుకి. యెజ్డీలో వాల్వులు లేవు, క్యామ్ లేదు. 250 సీసీ టూ స్ట్రోక్, కిక్కూ గేరూ ఒకటే లివరు. ఓపికున్నవాడు ఇంట్లోనే విప్పుకోవచ్చు.

సామాన్లు: స్పానర్ల సెట్టు, ప్లగ్ స్పానరు, టార్చి, డీజిల్, ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్). అంతే.

ఇప్పుడు అసలు పని. ఏళ్లుగా నిలబడ్డ ఇంజిన్ పట్టేసి, అంటే పిస్టన్ సిలిండర్‌లో కదలకుండా బిగుసుకుపోయి ఉంటుందనే అనుకోండి. పిస్టన్ అల్యూమినియం, రింగులూ సిలిండరూ ఇనుము. యెజ్డీకి సైలెన్సర్లు రెండు. పిస్టన్ కిందికి ఉండగా బండి ఆగితే ఆ రెండు దారుల్లోంచీ తేమ నేరుగా లోపలికి పోతుంది. తుప్పు రింగుల్ని గోడకి అతికించేస్తుంది. అలాంటి ఇంజిన్ మీద బరువంతా వేసి కిక్ కొడితే కిక్ లోపలి పళ్లు అరుగుతాయి, లేదా సిలిండర్ గోడలో ఉండే పోర్టు (గాలీ పొగా పోయే రంధ్రం) అంచుకి రింగు తగులుకుని విరుగుతుంది. విరిగిన ముక్క సిలిండర్‌ని గీరేస్తుంది. గేర్లో వేసి తోయడం ఇంకా ఘోరం.

ప్లగ్ విప్పి టార్చితో లోపలికి చూడండి. డీజిల్, ఏటీఎఫ్ సగం సగం కలిపి ఆ రంధ్రంలోంచి 50 మి.లీ. పోయండి. పోసింది సైలెన్సర్‌లోంచి కారిపోతుంటే పిస్టన్ కిందికి ఉన్నట్టు. పైపులు విప్పి పోర్టుల్లో గుడ్డ కుక్కండి. వారం రోజులు వదిలేయండి, ఇంకితే మళ్లీ పోయండి. స్ప్రే డబ్బాలు ఈ పనికి చాలవు, అవి నానేలోపే ఆరిపోతాయి. ప్లగ్ రంధ్రంలో కడ్డీ పెట్టి సుత్తితో కొట్టేవాళ్లున్నారు. పిస్టన్ నెత్తి చిల్లు పడుతుంది. డీజిల్ పోసిన సిలిండర్‌కి మంట చూపించే ఆలోచన అసలే వద్దు.

వారం తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేర్లో పెట్టి, వెనక చక్రాన్ని రెండు చేతులతో కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఊపండి. మొదట చైను వదులు మాత్రమే టకటకమంటుంది. కాసేపటికి ఆ చప్పుడు చివర మెత్తగా, గట్టి గ్రీజులో వేలు కదిలినట్టు వెంట్రుకవాసి జరుగుడు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆగిపోండి. సంబరంలో పూర్తిగా తిప్పేస్తేనే రింగు విరిగేది. మళ్లీ ఆయిల్ పోసి, మర్నాడు ఇంకాస్త. పది రోజులకీ కదలకపోతే హెడ్ విప్పి చూడండి, బలవంతం వద్దు.

కదిలింది కదా అని స్టార్ట్ చేయకండి. బ్యారెల్ (సిలిండర్) తీసి ఆటోనగర్ లేత్ షాపుకి పట్టుకెళ్లండి. పిస్టన్ ముందు కొనండి, దాని కొలతకి సిలిండర్ లోపలి గోడ చెక్కించి రీబోర్ చేయించండి. చాలామంది ముందు బోరు చేయించి తర్వాత పిస్టన్ వెతుక్కుంటారు. క్రాంక్ షాఫ్టు దగ్గర గాలీ ఆయిలూ దాటకుండా ఆపే ఆయిల్ సీళ్లు మార్చడం పెద్ద పని, అందుకే మెకానిక్కులు దాటేస్తారు. ఎండిపోయిన సీలులోంచి గాలి లాగితే పెట్రోలు పాలు తగ్గి, వేడెక్కి, కొత్త పిస్టన్ కూడా పట్టేస్తుంది. దగ్గరుండి మార్పించండి.

మిగతాది తేలిక. కార్బొరేటర్ కడగండి, ట్యాంకు తుప్పు వదిలించండి, కేబుళ్లు, బ్రేకు షూలు, వైరింగు కొత్తవి వేయండి. టైరు మీద నాలుగంకెల్లో చివరి రెండూ తయారైన సంవత్సరం. చూడ్డానికి బాగున్నా పాతదైతే మార్చాల్సిందే. పెయింటు అన్నిటికన్నా చివర, అదీ ఆర్‌సీలో ఉన్న రంగే. అల్లాయ్ వీల్స్ వద్దు.

మొదటి 500 కిలోమీటర్లూ లీటరు పెట్రోలుకి 50 మి.లీ. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) కలపండి, 40 స్పీడు దాటకండి, పొగ ఎక్కువొచ్చినా ఆయిల్ తగ్గించకండి.