మామయ్యగారి కంప్యూటర్‌కి విండోస్ 11: ఫార్మాట్ కొట్టకుండా, అలవాట్లు చెడకుండా

కొత్త విండోస్ ఎక్కాక మామయ్యగారు మొదటిసారి కుర్చీలో కూర్చుని, ఏళ్ల అలవాటు కొద్దీ మౌస్‌ని తెర ఎడమ కింది మూలకి జరిపి నొక్కారు. స్టార్ట్ మెనూ రాలేదు. వాతావరణం, వార్తల బొమ్మలు సగం తెరని కప్పేశాయి. "అమ్మాయ్, గుంటూరులో ఎండగా ఉందని ఇది చెప్పాలా? నా ఎక్సెల్ ఏదీ?" అన్నారు.

ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా చేసి మానేశారు. ఇప్పుడు బ్రాడీపేటలో మా ఇంట్లోనే కూర్చుని తెలిసినవాళ్ల లెక్కలు రాసిపెడుతుంటారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. బ్యాంకు పనులు కూడా అందులోనే చేస్తారు కాబట్టి ఇక మార్చక తప్పలేదు. ఈ ఇంట్లో కంప్యూటర్ రిపేర్లన్నీ కోడలి ఖాతాలోనే.

షాపులో ఇస్తే చాలాసార్లు ఫార్మాట్ కొట్టి కొత్తది వేసేస్తారు, వాళ్లకి అదే తేలిక. మా ఆడపడుచు ల్యాప్‌టాప్ అలాగే ఇచ్చింది. డెస్క్‌టాప్ మీదున్న పిల్లల ఫోటోలన్నీ పోయాయి. "సి డ్రైవ్‌లో ఎందుకు పెట్టుకున్నారమ్మా" అని దానికే చివాట్లు. మీరు ఇంట్లో చేసుకుంటే ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయండి. ఫైళ్లు, ప్రోగ్రాములు, పాత యూజర్ పేరు, పాస్‌వర్డ్ అన్నీ అలాగే ఉంటాయి.

ముందుగా మీ కంప్యూటర్‌కి విండోస్ 11 సరిపడుతుందో లేదో చూసుకోండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాం వేస్తే అదే చెబుతుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు ఉండాలని లెక్క. నన్నడిగితే 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ లేకుండా దీని జోలికి పోవద్దు. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మామయ్యగారిది ఐ3-8100, అంటే అంచు మీద గట్టెక్కింది. పాత విండోస్ 32 బిట్ అయితే మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే. విండోస్ 11 వచ్చేది 64 బిట్‌లోనే కాబట్టి కొత్తగా వేసుకోవాల్సిందే.

ప్రాసెసర్ సరిపోయినా మాకు 'పనికిరాదు' అనే వచ్చింది. టీపీఎం 2.0 (భద్రత తాళాలు దాచిపెట్టే భాగం) లేదట. అసెంబుల్ చేయించిన కంప్యూటర్లలో ఇది మామూలే. టీపీఎం లేక కాదు, బయోస్‌లో, అంటే విండోస్ మొదలవక ముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఆపేసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేసి డిలీట్ కీ టకటకా నొక్కుతూ ఉంటే చాలా బోర్డుల్లో బయోస్ తెరుచుకుంటుంది. అక్కడ టీపీఎం అనే పేరు వెతికి నేను పావుగంట పోగొట్టుకున్నాను. ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ అనే పేరుతో, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి వస్తే చాలు. మిగతావి కెలకొద్దు. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం, బయోస్ ముట్టుకునే ముందే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

తర్వాత బ్యాకప్. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్, ఫోటోలు కాపీ చేయండి. డెస్క్‌టాప్‌ని ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. నవ్వకండి, ఏ ఐకాన్ ఎక్కడ ఉండేదో రేపు పెద్దాయన అడిగితే చూపించడానికి అదే సాక్ష్యం. సి డ్రైవ్‌లో ఒక 30 జీబీ ఖాళీ చేసుకోండి.

అప్‌గ్రేడ్‌కి తేలిక దారి మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్. పెన్ డ్రైవ్‌లో ఐఎస్ఓ (విండోస్ మొత్తం ఉండే ఫైలు) పెట్టుకుని చేసేవాళ్లు 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' మీద టిక్ ఉందో లేదో చూసుకోండి. అది నొక్కడానికి వీల్లేకుండా ఉంటే అక్కడే ఆగిపోండి. ఇంగ్లీషులోనే యూఎస్ అనీ ఇంటర్నేషనల్ అనీ రెండు రకాలున్నాయి. పాతది ఒకటీ ఐఎస్ఓ ఇంకొకటీ అయితే యాప్స్ ఉంచుకోనివ్వదు. పొద్దున్నే మొదలుపెట్టండి, యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో చూసుకుని మరీ. మాకు రెండు గంటలు పట్టింది. మధ్యలో రెండు మూడుసార్లు దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, కంగారుపడి స్విచ్ నొక్కకండి.

ఇక అసలు పని. స్టార్ట్‌ని మళ్లీ మూలకి తేవాలంటే టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్‌కి వెళ్లండి. కింద టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్‌ని లెఫ్ట్ చేయండి. పైనే విడ్జెట్స్ ఆపేస్తే వాతావరణం గొడవ వదులుతుంది. తెరిచిన ఫైళ్ల పేర్లు పాతకాలంలా పట్టీ మీద కనిపించాలంటే, అక్కడే కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అన్నదాన్ని 'నెవర్'లో పెట్టండి. ఈ మూడూ అయ్యేసరికి మామయ్యగారి ముఖంలో సగం టెన్షన్ పోయింది. ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే పొట్టి మెనూ వచ్చిందని మళ్లీ గొణిగారు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత పొడవాటి మెనూ వస్తుంది. ఇది ఒక చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించాను.

తెలుగు విషయం కొంచెం నిదానంగా చూసుకోండి. మామయ్యగారి పాత ఉత్తరాలన్నీ గౌతమి ఫాంట్‌లో ఉన్నాయి. మీ ఫైళ్లలో అక్షరాల వాలకం మారి, లైన్లు పక్క పేజీకి జారితే గౌతమి, వాణి ఫాంట్లు లేవన్నమాట. సెట్టింగ్స్, సిస్టమ్, ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకుంటే రెండూ వస్తాయి. కీబోర్డు మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరానికో కీ ఉండే పద్ధతి) వాడేవాళ్లు జాబితాలో అదే ఉందో, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కూడా చేరిందో చూసుకుని అక్కర్లేనిది తీసేయండి. లేకపోతే 'క' కొడితే ఇంకేదో పడుతుంది.

ఒక్కటి మాత్రం తిరిగి తేలేకపోయాను. 24హెచ్2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్యాడ్‌ని విండోస్‌లోంచి తీసేశారు. మామయ్యగారు బాకీల జాబితా రాసుకునేది అందులోనే. ఫైళ్లు ఎక్కడికీ పోవు, అందులో రాసిన ఆర్‌టీఎఫ్ ఫైళ్లు లిబ్రాఫీస్ రైటర్‌లో తెరుచుకుంటాయి, అది ఉచితం. రెండు రోజులు ముఖం చిట్లించి మూడో రోజు ఆయనే అక్షరాలు పెద్దవి చేసుకున్నారు.

నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి పది రోజులు గడువుంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'గో బ్యాక్' ఉంటుంది. ఆలోపు డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లు తీసేస్తే ఆ దారి పోతుంది. అందుకే ఈ పది రోజుల్లోనే అన్ని పనులూ ఒకసారి చేయించండి: ప్రింటు, స్కాను, బ్యాంకు సైటు, నెలాఖరు లెక్కలు. మా స్కానర్ పనిచేయట్లేదని తొమ్మిదో రోజు సాయంత్రం తెలిసింది. కంపెనీ సైటు నుంచి కొత్త డ్రైవర్ వేసేసరికి రాత్రి పదకొండయింది. మామయ్యగారు అప్పటిదాకా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, "వెనక్కి పోదామా అమ్మాయ్?" అని అరగంటకోసారి అడుగుతూ.